ఇంగువకు మామూలు సుంకం

తెనాలిలో పులిహోర అమ్మే కోటేశ్వరి పొద్దున్నే ఇంగువ పొట్లం విప్పి, వాసన చూడటానికి భయపడుతున్నట్టు కాసేపు ఊరికే చూస్తూ కూర్చుంది. పన్నెండేళ్ల క్రితం సర్కారుకు అసలు ఇంగువ పండే కొండల దేశంతో చెడింది; అక్కడి సరుకుల మీద సుంకం పదింతలు చేసింది. అప్పటి నుంచి ఊరంతా యంత్రాల్లో తయారైన ఇంగువకే అలవాటు పడింది. నిన్నటి నుంచి వాటి మీదా మళ్లీ అన్ని దేశాల సరుకులకూ ఉన్న మామూలు సుంకమే.

"కొంచెమే వెయ్యక్కా. ఇది అసలు సరుకు, చిటికెడు చాలు," అన్నాడు పొట్లం తెచ్చిన మస్తాన్‌వలి.

ఆమె విన్నది గానీ చెయ్యి వినలేదు. రోజూ వేసినట్టే నిండు చెంచాడు కాగిన నూనెలో పడింది. ఘాటు వీధి చివరిదాకా పాకింది. వంటింటి గాలిని కాపలా కాసే గోడపెట్టె వెంటనే పొయ్యి ఆర్పేసి, తలుపులు బార్లా తెరిచింది. ఇరుగుపొరుగు వాళ్లు గుమ్మం దగ్గర గుమిగూడారు. అదేమిటో చాలామందికి చటుక్కున గుర్తు రాలేదు, అయినా ఎవరూ కదల్లేదు.

"తెలియని వాసన. ప్రమాదమా?" అని అడిగింది పెట్టె.

"కాదులే. ఇంగువ."

"ఇంగువ వాసన నాకు తెలుసు. ఇది అది కాదు."

కోటేశ్వరి మస్తాన్‌వలి వంక చూసింది. అతను కళ్లు మూసుకుని గుండెల నిండా పీలుస్తున్నాడు.

"అయితే నీకు తెలిసినదానికి ఇంకో పేరు పెట్టుకో," అంటూ ఆమె పొయ్యి మళ్లీ వెలిగించింది.