ఆరేళ్ళ భాష

“మీ తమ్ముడికి ఆ భాష ఒక్క ముక్క రాదు. అందరి కళ్ళకీ గంతలు కట్టి బతికేస్తున్నాడు,” అన్నాడు ఫారిన్, కంచం ముందుకి లాక్కుంటూ.

వాళ్ళావిడ గరిటెను గిన్నెలో ఠంగున పడేసింది. “మళ్ళీ మొదలెట్టారూ! తొమ్మిదేళ్ళ నుంచి పాఠాలు చెబుతున్నాడు వాడు. రాకుండానే చెబుతున్నాడా?”

“అదేనే వాడి గొప్ప. వాడు పాఠం బొమ్మల్లో చూపించే ఆ దేశం ఓడరేవుకి ఈ చేత్తో వెల్డింగ్ పెట్టినవాణ్ణి నేను. నా ముందా వాడి వేషాలు?”

ఏడో తరగతితో బడి మానేసిన అతనికి ‘ఫారిన్’ అన్న పేరు తనిప్పుడు పనిచేసే షట్టర్ల షెడ్డులో పడింది. బావమరిది మేడ మీద వాటాలోనే ఉంటాడు, భాషల కేంద్రంలో ఆ దేశం భాష నేర్పుతాడు. అత్తవారింట్లో ఏ ముచ్చట జరిగినా మాస్టారికి కుర్చీ, ఇతనికి చాప. ఆ మంట ఈనాటిది కాదు.

నిజానికి ఆ దేశంలో ఆరేళ్ళున్నది ఫారినే. రేకుల గదినిండా మంచాలు. మనవాడు తనొక్కడే, మిగతా అందరూ వాళ్ళే. మొదటి నెల మూగవాడిలా చేతులు ఊపాడు. ఆ తర్వాత తిట్లతో మొదలుపెట్టి, జోకులేసేదాకా వచ్చాడు. మేస్త్రీ వాళ్ళవాడే, వంటవాడు వాళ్ళవాడే, కంచె లోపలి కొట్టువాడూ వాళ్ళవాడే. ఇక భాష రాక ఏం చేస్తుంది? సాయంత్రాలు పెళ్ళాంబిడ్డల ఫోటోలు ముందు పెట్టుకుని వాళ్ళు పాడుతుంటే తనూ గొంతు కలిపేవాడు. రెండేళ్ళకోసారి సెలవు దొరికి ఎవడైనా విమానమెక్కి ఇంటికి బయల్దేరితే, అందరూ కలిసి పెట్టె కట్టిచ్చి కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

అక్కడి పని అయిపోయి తిరిగొచ్చిన రోజునే బావమరిదితో ఆ భాషలో గడగడా నాలుగు ముక్కలు మాట్లాడాడు. మాస్టారు చెవి ఇటు తిప్పాడు.

“మళ్ళీ చెప్పు బావా.”

చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. మాస్టారికి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

ఇంకేం కావాలి? ఆ సంగతి షెడ్డులో చెప్పాడు, మంగలి దుకాణంలో చెప్పాడు, చివరికి కేంద్రం డైరెక్టరు చెవిన కూడా వేశాడు. పిల్లలు సగానికి సగం మానేశారు. రేపు ఆ దేశం నుంచి ఒక మేడమ్ వస్తోంది. అక్కడి సర్కారు పరాయి దేశాల్లో తమ భాష నేర్పే పంతుళ్ళకి పుస్తకాలు, బొమ్మలు చూపే తెరలు, ఆటబొమ్మలు ఉచితంగా పంచుతుందట. నచ్చిన పంతుల్ని రెండు నెలల శిక్షణకి తమ ఖర్చుతో తీసుకెళ్తుందట.

“ఎలా వెళ్తాడో నేనూ చూస్తా,” అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, అంతా విన్నట్టే ఉన్నాడు.

“బావా, నేను క్యాసెట్లు విని నేర్చుకున్నవాణ్ణి. ఆ దేశపు మనిషిని ఎదురుగా చూడబోవడం రేపే మొదటిసారి. నువ్వు మాట్లాడేది నాకొక్కటీ అందట్లేదు. పనివాళ్ళ యాస వేరేమో అనుకున్నా. ఇప్పుడు నా మీద నాకే నమ్మకం పోయింది. రేపు ఆవిడతో ముందు నువ్వే మాట్లాడు. నీదే సరి అని తేలితే క్లాసు నీకే వదిలేస్తా.”

“డైరెక్టరు ఒప్పుకోవద్దూ?”

“అడిగే వచ్చాను.”

వాళ్ళావిడ తమ్ముడి భుజం పట్టుకుంది. “పిచ్చి పట్టిందిరా నీకు?”

“మాట మీదుండాలి మాస్టారూ,” అన్నాడు ఫారిన్.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకెళ్ళి గ్లవ్స్ ఓనరు బల్ల మీద పడేశాడు. “నీ షట్టర్లు నువ్వే అతుక్కో. ఈ రోజు నుంచి నేను మాస్టార్ని.”

“సాయంత్రానికి తిరిగొస్తే మాత్రం తీసుకోను,” అన్నాడు ఓనరు తలెత్తకుండానే.

“వస్తే కదా!”

కేంద్రంలో బల్ల మీద పుస్తకాల పెట్టెలు పేర్చి ఉన్నాయి. వాటి వెనక మేడమ్ కూర్చుంది. డైరెక్టరు చెయ్యి చూపగానే, ఇస్త్రీ చొక్కా సర్దుకుని ఫారిన్ ముందుకొచ్చాడు. మాస్టారు బోర్డు పక్కన, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

ఫారిన్ అందుకున్నాడు. క్రేన్ తీగ తెగిన రోజు సంగతి, మేస్త్రీ పెట్టే తిట్లు, గదిలో పాడిన పాట అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఒక్కచోట తడబడలేదు. మేడమ్ పెన్ను పక్కన పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. డైరెక్టరు నోరు తెరిచాడు. కిటికీ దగ్గర గుమిగూడిన పిల్లలు గుసగుసలాడారు. చివర్లో, గదిలో అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్విన జోకు కూడా వేశాడు. మేడమ్ నవ్వలేదు. పెద్ద హోదాలో ఉన్నవాళ్ళు పదిమందిలో నవ్వరులే అనుకున్నాడు.

ఆవిడ మాస్టారి వైపు తిరిగి మెల్లగా ఏదో అడిగింది.

మాస్టారు తలెత్తాడు. ఆవిడ భాషలోనే జవాబిచ్చాడు. ఆవిడ తలూపింది.

“ఏమంటోందిరా? క్లాసు నాకిమ్మంటోందా?” అన్నాడు ఫారిన్, కాలరు పైకి లాక్కుంటూ.

మాస్టారు బావ దగ్గరికొచ్చాడు. అతని మొహంలో గెలిచిన కళ లేదు.

“నువ్వు మాట్లాడింది ఏ దేశం భాష అని అడుగుతున్నారు బావా.”