బిబీ మషావు గుండిగలు

"దించేయండి," అన్నాడు రేవు అధికారి మ్వింజుమా.

ఓడ మెట్ల మీద సగందాకా మోసుకెళ్ళిన రెండు పెద్ద గుండిగల్ని కూలీలు ఆయాసపడుతూ మళ్ళీ గట్టు మీదికి దించారు. టాంజానియా తీరంలోని ఆ టాంగా ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పిలావు ఉడికేది వాటిల్లోనే. వాటిని ఏలే బిబీ మషావు నడుం మీద చేతులు పెట్టుకుని అధికారిని ఎగాదిగా చూసింది.

"ఏరా మ్వింజుమా, నీ పెళ్ళికి వండింది వీటిల్లోనే. కొత్త పెళ్ళికొడుకునన్న సిగ్గు కూడా లేకుండా మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నావు. గుర్తుందా?"

"గుర్తుంది బిబీ. కానీ ఈ ఓడ మనది కాదు."

"నేనేమైనా ఓడని కొంటానన్నానా? పెంబా దాకా వెళ్ళొస్తానంటున్నాను. రేపు నా మనవరాలి పెళ్ళి."

"టాంగా మనది, పెంబా దీవీ మనదే. మన రేవు నుంచి మన రేవుకి మనిషి వెళ్ళాలన్నా సరుకు వెళ్ళాలన్నా మన జెండా ఉన్న ఓడే ఎక్కాలి. ఇది కొమొరోస్ వాళ్ళ ఓడ. ఇక్కడ సిమెంటు దించింది, అక్కడ లవంగాలు ఎక్కించుకుని వాళ్ళ దేశం పోతుంది. అంతవరకే దానికి అనుమతి."

"మరి మన ఓడేదీ?"

"మరమ్మతులో ఉంది."

"మన తెరచాప పడవలు?"

"ఈ గాలికి అంత దూరం దాటలేవు."

"అంటే మనది కదలదు, కదిలేది మనది కాదు. బాగుందిరా నీ వరస."

పైనుంచి వింటున్న ఓడ కెప్టెన్ సోయిలిహి కలగజేసుకున్నాడు. "సార్, పెద్దావిడ. ఊరికే తీసుకెళ్ళి దింపుతాను."

"ఇవాళ బిబీని ఊరికే తీసుకెళ్తారు కెప్టెన్. రేపు ఇంకొకరు బియ్యం బస్తాలు ఎక్కిస్తారు. మా నాన్న పడవ మీదే మమ్మల్ని పెంచాడు. మా తమ్ముళ్ళు ఇప్పటికీ పడవ మీదే బతుకుతున్నారు. సరుకంతా మీ పెద్ద ఓడలే ఎత్తుకుపోతే వాళ్ళు ఏం వేసుకెళ్ళాలి, గాలినా?"

ఆ తమ్ముళ్ళూ బిబీ చేతి ముద్ద తిన్నవాళ్ళే.

"నువ్వన్నది తప్పని నేననను," అంది బిబీ గొంతు తగ్గించి. "కానీ తల్లి లేని పిల్లరా. ఈ చేతులతో పెంచాను. బిబీ రాకుండా నిఖా చదివించుకోనని కూర్చుంది." ఒంటికి చుట్టుకున్న కంగా గుడ్డ చెంగుతో ముక్కు తుడుచుకుంది.

మ్వింజుమా సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కెప్టెన్‌ని అడిగాడు, "ఎప్పుడు బయలుదేరుతున్నారు?"

"మధ్యాహ్నం నమాజు కాగానే."

మ్వింజుమా టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

"చూశావా నాయనా," అంది బిబీ కెప్టెన్‌తో. "వీడికా నేను అడుగంటిన మాడు చెక్క దాచిపెట్టి మరీ ఇచ్చేదాన్ని."

సాయంత్రం ఎండ వాలుతుండగా ఓడ పెంబాలో వేటె రేవు చేరింది. తనిఖీకి ఎక్కిన అక్కడి అధికారిణి రాయా డెక్కు మీద ఆగిపోయింది. పక్కపక్కన రెండు గుండిగలు. ఒకదానికి మూత పెట్టి ఉంది. రెండోదాంట్లో ఒక ముసలామె కూర్చుని మండాజీ బూరె తింటోంది.

"కెప్టెన్, టాంగా నుంచి మనిషినీ సరుకునీ ఎక్కించుకొచ్చారా? ఓడని ఇక్కడే కట్టేయించగలను, తెలుసుగా?"

"ఎక్కించుకు రాలేదు మేడం, కాపాడి తెచ్చాం. టాంగా అఖాతం దాటుతుంటే ఒక దోనె మునిగిపోతూ కనిపించింది. ఈవిడ గుండిగలో తేలుతూ చెయ్యి ఊపుతోంది. సముద్రంలో ప్రాణం మీదికొచ్చినవాళ్ళని ఏ జెండా ఓడయినా ఎక్కించుకోవచ్చు, తను వెళ్ళే రేవులో దించొచ్చు. అదీ చట్టమే."

"మనుషుల్ని. గుండిగల్ని కాదు."

"ఈవిడ గుండిగ దిగనంటోంది."

రాయా నవ్వు ఆపుకుంది. "దోనె ఎలా మునిగింది బిబీ?"

"చిల్లు పడింది తల్లీ."

"మరి నీ బట్టలు తడవలేదే?"

"గుండిగ మంచిది."

"సరే. ఈ గాలిలో నిన్ను దోనెలో కూర్చోబెట్టి అంత దూరం తీసుకొచ్చిన ఆ తలతిక్క మనిషి ఎవరు? అతని మీద మాత్రం కేసు రాయక తప్పదు."

బిబీ ఆకాశంలోకి చూసింది. కెప్టెన్ తన బూట్లు చూసుకున్నాడు. పక్క గుండిగ మీద మూత మెల్లిగా కదిలి పక్కకి జరిగింది. నిలువునా తడిసి ముద్దయిన మనిషి ఒకడు లోపల్నుంచి లేచి నిలబడ్డాడు.

"రాసుకోండి మేడం, నేనివాళ సెలవులో ఉన్నాను," అన్నాడు టాంగా రేవు అధికారి మ్వింజుమా.