జెబా విసురు

జెబా విసిరిన గాలం కాలువ నడిమధ్యన పడింది. తండ్రి ఐజాజ్ ఆమె చేతివంక అనుమానంగా చూశాడు. తను భుజమంతా తిప్పి విసురుతాడు. కూతురు మోచేతిని ఒంటికి ఆనించి, ముంజేతిని మాత్రమే కదిలించింది.

"ఇది నేను నేర్పింది కాదే. ఎవడు నేర్పాడు? ఆ అవతలి గట్టు కుర్రోడేనా?"

"కాదబ్బా."

"మరెవరే? నిజం చెప్పు."

"అమ్మీ."

"మీ అమ్మీకి గాలం పట్టుకోవటం కూడా రాదు!"

"పెళ్లికి ముందు చంద్రవంక వాగులో రోజూ చేపలు పట్టేదంట. ఆడోళ్లు గట్లమీద తిరిగితే నచ్చదని పెళ్లిచూపుల్లో నువ్వే అన్నావంటగా. అందుకే మానేసింది."

అలా అన్నట్టు ఐజాజ్‌కు గుర్తే లేదు. తన గాలం చుట్టేశాడు.

"ఏంది అబ్బా, అప్పుడే పోదామా?"

"మీ అమ్మీని పిలుచుకొద్దాం పద."