నీటిగండం

పడవ ఒడ్డుకు తగిలీ తగలకముందే అందరూ ఇసుకలోకి దూకేశారు. ఓబుళేశు మాత్రం పడవ ఖాళీ అయ్యేదాకా కూర్చుని, అప్పుడు లేచాడు. అదీ ఒడ్డుకు వేసిన చెక్క మీదుగా, చెప్పులు తడవకుండా దిగాడు.

నేల చూసి నెల దాటింది. ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడి ఉంది. సాయంత్రం దాకా ఈ దీవిలో సెలవు. గట్టు మీద అడుగు పెట్టాక ఎవరినైనా పేరు పెట్టే పిలవాలి, డ్యూటీ మాట ఎత్తకూడదు. అది ఆ ఓడలో కట్టుబాటు.

కుర్రాళ్ళు చొక్కాలు విప్పేసి నీళ్ళలో పడ్డారు. కొందరు కొబ్బరిబోండాల కోసం ఎగబడ్డారు. కొందరు నేల ఊగడం లేదేమిటా అని తూలుతూ నడుస్తున్నారు. ఓబుళేశు ఒక చెట్టు నీడన చెప్పులైనా విప్పకుండా కూర్చున్నాడు.

వంటమనిషి గిడ్డయ్య తల తుడుచుకుంటూ వచ్చాడు. కడప మనిషి, వయసులో పెద్దవాడు.

"ఏమప్పా ఓబుళేశూ, ఈడ కూచుండావు? నీళ్ళు శానా బాగుండాయి, రా."

"వద్దులే గిడ్డన్నా. నాకు నీటిగండం ఉండాది."

గిడ్డయ్య నవ్వబోయి, అతని ముఖం చూసి మానుకున్నాడు.

ఓబుళేశుది కోసిగి. పుట్టినప్పుడే జాతకం చూసినాయన నీటిగండం అని తేల్చేశాడు. బిందెడు నీళ్ళకు ట్యాంకరు వెనక పరుగెత్తే ఊళ్ళో నీటిగండమేమిటని జనం పడీ పడీ నవ్వారు. తల్లి ఓబులమ్మ మాత్రం నవ్వలేదు. కొడుకు ఓడలో ఉద్యోగానికి బయల్దేరిన రోజు అతని చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. సముద్రంలో కాలు పెట్టకూడదు. ఏం ఉద్యోగమని కూడా అడగలేదు, నీళ్ళు తగలని పనేనా అంది. పైన అద్దాల గదిలో పని, చుక్క కూడా తగలదన్నాడు. అయితే పో అంది.

అప్పటినుంచి ఆ ఒట్టు తప్పలేదు. తల సగం నెరిసింది గానీ సముద్రాన్ని ఒక్కసారైనా ముట్టుకున్న పాపాన పోలేదు.

"మొన్న తుపానులో రెండు రాత్రులు కన్ను మూయలేదంట గదా. అంత భయమైందా?" అన్నాడు గిడ్డయ్య పక్కన చతికిలబడుతూ.

"శానా."

"మరి దిగల్లని ఎప్పుడూ అనిపించలేదా?"

ఎందుకు అనిపించదు? మిఠాయి కొట్టు బయట నిలబెట్టిన పిల్లవాడిలా ఇన్నేళ్ళూ అద్దం వెనకనుంచి చూస్తూనే ఉన్నాడు.

"మీ అమ్మకు ఫోన్ చెయ్. ఒట్టు తీసి గట్టున పెట్టమను," అన్నాడు గిడ్డయ్య.

వీడియో కాల్‌లో ముందు ఇంటి దూలం కనబడింది, తర్వాత ఓబులమ్మ నుదురు కనబడింది. వెనక బిందెల చప్పుడు. ట్యాంకరు వచ్చినట్టుంది.

"యాడుండావు నాయనా?"

చెప్పాడు. ఎందుకు చేశాడో కూడా చెప్పాడు. వెనక బిందెల చప్పుడు ఆగిపోయింది, ట్యాంకరు వెళ్ళిపోయింది కాబోలు.

"అంత ఆశగా ఉండాదా?"

"ఉండాది మా."

"నెత్తిన చెయ్యి పెట్టి ఏసిన ఒట్టు. అట్లనే తీయల్ల."

తెర నిండా తెల్ల వెంట్రుకలు. ఓబులమ్మ ఫోను నెత్తిన పెట్టుకుంది. ఓబుళేశు అరచెయ్యి తెర మీద ఆనించాడు.

"తీసి గట్టున పెట్టినా, పో. మోకాళ్ళ దాకానే. పక్కన పెద్దోళ్ళు ఎవురన్నా ఉండారా?"

"నేనుండాలేమ్మా," అన్నాడు గిడ్డయ్య.

"వాని చెయ్యి ఇడవాకు నాయనా."

ఓబుళేశు చెప్పులు విప్పి, ప్యాంటు పైకి మడిచాడు. ఈత కొడుతున్న వాళ్ళంతా ఆగి చూస్తున్నారు.

"జేబులో ఆ డబ్బా తీసి ఈడ పెట్టు. తడుస్తాది."

"ఉండనీలే అన్నా."

మొదటి అల పాదాలకు తగిలింది. ఒళ్ళు జల్లుమంది. రెండోది మోకాళ్ళకు కొట్టి మొహం మీద చిందింది. ఓబుళేశు పెదవి నాక్కున్నాడు.

"ఉప్పగా ఉండాది అన్నా."

"తియ్యగా ఉంటాదని నీకెవురు చెప్పినారు?"

అందరూ ఘొల్లున నవ్వారు. ఓబుళేశు కూడా నవ్వాడు. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. రెండు చేతులా గిడ్డయ్యను పట్టుకుని ఉన్నాడు.

అప్పుడే జేబులోని వాకీటాకీ డబ్బా గరగరమంది: "కెప్టెన్ సార్, లంగరు ఎన్నింటికి ఎత్తమంటారు?"