సరంగు దాచిన టెలిగ్రాం

ఆ మధ్యాహ్నం ఉసూయి టెలిగ్రాం చదవలేదు.

‘కియోతకా మారు’ అనే చేపల ఓడలో వైర్‌లెస్ గది ఉసూయిది. ఎవరి ఇంటి నుంచి కబురొచ్చినా భోజనాల బల్ల దగ్గర నిలబడి గట్టిగా చదివేవాడు. ఒకడి అత్తగారి మోకాలి నొప్పి కూడా ఇరవై మందికీ తెలియాల్సిందే. జపానులో కెసెన్నుమా రేవు వదిలి ఎనిమిది నెలలైన మనుషులకు అంతకన్నా వినోదం లేదు.

ఆ రోజు మాత్రం కాగితం పట్టుకుని వచ్చాడు, బల్ల దగ్గర ఆగాడు, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఎవరికిరా?” అన్నాడు గాలాల తాడు లాగే ఒనోదెరా.

“కంపెనీది అన్నా.”

కంపెనీ టెలిగ్రాం అయితే ఉసూయి మడిచి జేబులో పెట్టుకోడు. వాడు నేరుగా ఓడ పెద్ద, సరంగు కుమగాయ్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఒనోదెరా గిన్నె పక్కకు నెట్టాడు. ఇంటి దగ్గర భార్య కినుయోకి నెలలు నిండాయి. పెళ్ళయిన ఏడేళ్ళలో రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి బిడ్డ నిలిచాడు కానీ, కాన్పు కష్టమవుతుందని డాక్టరు ముందే చెప్పాడు. ఓడలో అందరికీ ఈ సంగతి తెలుసు. పొద్దున లేస్తే వాళ్ళ మొదటి ప్రశ్న అదే. “ఏమయ్యా, తండ్రివయ్యావా?”

మర్నాటి నుంచి సరంగు తీరు మారింది.

మామూలుగా పై నుంచి అరవడమే తప్ప కిందికి దిగని మనిషి, గాలాల తాడు లాగే చోటికి వచ్చి ఒనోదెరా పక్కనే నిలబడేవాడు. పనేమీ చేసేవాడు కాదు. ఒకసారి ఉన్నట్టుండి అడిగాడు.

“పిల్లాడికి ఏం పేరు అనుకుంటున్నావు?”

“ఇంకా అనుకోలేదు.”

“అనుకో. పేరు ముందే ఉండాలి.”

ఆ గొంతు ఒనోదెరాకు నచ్చలేదు. భోజనాల దగ్గర సరంగు కాల్చిన ట్యూనా చేప గుండెను తన గిన్నెలోంచి తీసి ఒనోదెరా గిన్నెలో వేశాడు. “తిను. నాకు సయించడం లేదు” అన్నాడు. చావు జరిగిన ఇంటివాణ్ణి బతిమాలి తినిపించినట్టే ఉందని ఒనోదెరాకు తోచింది.

ఉసూయి ఎదురుపడటమే మానేశాడు. ఎదురుపడితే బూట్లు చూసుకునేవాడు.

ఇంజను చూసే కనేటా ఒక పాత సంగతి చెప్పాడు. “నేను వెనక పనిచేసిన ఓడలో ఒకడి తల్లి పోతే, సరంగు మూడు వారాలు దాచాడు. అప్పుడు చేప బాగా పడుతోందని. చెబితే వాణ్ణి రేవులో దింపాలి. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. అంతలో చేప ఆగుతుందా?”

ఇప్పుడూ చేప బాగానే పడుతోంది. ఆస్ట్రేలియాకు పడమట, చలిగాలిలో, రోజుకు ముప్పై నలభై పెద్ద ట్యూనాలు పైకొస్తున్నాయి. దగ్గరి రేవు సరిగ్గా రెండు రోజుల దూరం.

ఆరో రోజు పొద్దున, తాడు సగం లాగాక, ఒనోదెరా చేతిలోని కొక్కెం కర్రను డెక్కు మీద పడేశాడు.

“ఇంటి కబురు దాచే ఓడలో నేను పని చెయ్యను.”

కనేటా తాడు చుట్టే మర ఆపేశాడు. ఒక్కొక్కరే చేతులు దించారు. సరంగు మెట్లు దిగి వచ్చాడు. ఆరు రోజుల్లో మనిషి బాగా చిక్కాడు. అది కూడా దాచింది బయటపడుతుందన్న భయంవల్లే అనుకున్నాడు ఒనోదెరా.

“నీకు చెప్పాల్సిన కబురు ఏదీ రాలేదు. తాడు లాగు” అన్నాడు సరంగు.

“ఉసూయి జేబులో పెట్టుకుంది ఏంటి?”

“నీకు చెప్పాల్సింది కాదన్నానుగా.”

ఒనోదెరా సరంగు కోటు పట్టుకున్నాడు. పదిహేనేళ్ళుగా ఆ మనిషి ముందు గొంతు కూడా ఎత్తనివాడు.

“కినుయో పోయిందా? బిడ్డ పోయాడా? ఎవరు పోయారో అదైనా చెప్పు. నీ చేపలు నువ్వు పట్టుకో. నీకూ ఒక కొడుకున్నాడుగా. వాడికేదైనా అయితే ఇలాగే దాచుకుని గాలాలు వేయిస్తావా?”

సరంగు అతని చేతిని మెల్లగా విడిపించుకున్నాడు.

“వేయిస్తాను” అన్నాడు.

మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. వెనక నుంచి కనేటా ఉమ్మేశాడు. “మనిషి కాదు వీడు, బండరాయి.”

ఒనోదెరా వైర్‌లెస్ గది తలుపును భుజంతో తోశాడు. ఉసూయి సొరుగుకు అడ్డంగా నిలబడ్డాడు.

“వద్దన్నా. మాటిచ్చాను.”

“ఎవరికి? ఆ రాక్షసుడికా?”

“చదివావంటే ఇక ఆయన ముఖం చూడలేవు.”

“చూడాలని నాకూ లేదు.”

ఒనోదెరా వాణ్ణి పక్కకు నెట్టాడు. సొరుగు లాగాడు. మడత పెట్టిన కాగితం ఒక్కటే ఉంది. విప్పుతుంటే చేప నెత్తురు అంటుకుంది. కళ్ళు మూసుకున్నాడు. కినుయో ముఖం తెచ్చుకోబోతే రాలేదు. కళ్ళు తెరిచి చదివాడు.

‘కుమగాయ్‌కి — మన అబ్బాయి సముద్రంలో మునిగి పోయాడు, దహనం అయిపోయింది’ అని టైపు కొట్టిన రెండు ముక్కల కింద, సరంగు పెన్సిలుతో ఉసూయికి రాశాడు: ‘ఒనోదెరాకు బిడ్డ పుట్టిన కబురు వచ్చేదాకా ఓడలో ఎవరికీ చెప్పకు, వాడి సంతోషం పాడవకూడదు.’