మరదలి కనుబొమ్మలు

భార్య లాకరు కొల్లగొట్టడానికి మేధావి వేసిన పథకానికి అడ్డం వచ్చింది ఒక్కటే. మరదలికి కనుబొమ్మలు లేవు.

మేధావి అతని అసలు పేరు కాదు. అతని టైల్స్ దుకాణంలో పనివాళ్ళు వెనకాల పెట్టుకున్న పేరు. ఒకసారి అది చెవిన పడితే మెచ్చుకుంటున్నారనుకుని కాలరెగరేశాడు. తెలివితేటలు ఆ మాత్రంగా ఉన్నాయి.

భార్య బడిలో లెక్కల టీచరు. తల్లి పోతూ పోతూ ఇచ్చిన నగలన్నీ బ్యాంకు లాకరులో దాచుకుంది. వాటిని అమ్మి దుకాణం పెద్దది చేద్దామని మేధావి అడిగాడు, అలిగాడు, అరిచాడు. "అవి మా అమ్మవి. వాటి జోలికి మాత్రం రాకండి" అంది ఆవిడ. ఆ రోజే లాకరు తాళంచెవి కాజేశాడు. ఆవిడ ఇల్లంతా వెతుక్కుంటుంటే తనూ సోఫా కింద దూరి వెతికాడు, పాపం!

తాళంచెవి ఒక్కటే ఉంటే చాలదు. లాకరు ఎవరిదో వాళ్ళు వచ్చి సంతకం పెట్టాలి. అక్కడే అతనికి మరదలు గుర్తొచ్చింది. అచ్చం అక్క పోలిక. అదే ఎత్తు, అదే ముక్కు, అదే గొంతు. తేడా అంతా కనుబొమ్మల్లోనే. అక్కవి నల్లగా ఒత్తుగా ఉంటాయి. చెల్లెలు చిన్నప్పటినుంచీ పీకి పీకి ఉన్నవి కూడా పోగొట్టుకుంది.

నగల్లో వాటా ఇస్తానంటే మరదలు "సరే బావా" అంది. ఆశ ముందు అక్కేమిటి, చెల్లెలేమిటి అనుకుని మేధావి లోలోపల నవ్వుకున్నాడు. అందరూ తనలాంటివాళ్ళే అని తేలితే అతనికి అదో సంతోషం.

భార్య ఫొటో పట్టుకుని మరదల్ని బ్యూటీపార్లరుకి తీసుకెళ్ళాడు. మైక్రోబ్లేడింగ్ అంటారట. సన్నటి బ్లేడుతో చర్మం మీద వెంట్రుకల్లాంటి గీతలు గీసి, అందులో రంగు నింపుతారు. పని పూర్తయ్యాక బ్యూటీషియన్ జాగ్రత్తలు చెప్పింది.

"మొదట్లో మరీ నల్లగా కనిపిస్తాయండీ. తర్వాత పొక్కులు కట్టి రాలతాయి. గిల్లకూడదు, తడపకూడదు, ఎండలో తిరగకూడదు. పొక్కులు రాలాక రంగంతా పోయినట్టే ఉంటుంది, కంగారుపడొద్దు. నెల తిరిగేసరికి మళ్ళీ తేలుతుంది."

"నెలా?" మేధావి నవ్వాడు. "ఇంత పొడుగు గోడకి టైల్సు అతికిస్తే ఒక్క పూటలో గట్టిపడతాయి. రెండు గీతలకి నెలేమిటమ్మా? మళ్ళీ మళ్ళీ రప్పించుకోడానికి చెప్పే కబుర్లు ఇవన్నీ. నేనూ వ్యాపారమే చేస్తున్నా."

"అది గోడండీ" అంది బ్యూటీషియన్, బ్లేడు చెత్తబుట్టలో పడేస్తూ.

వారం తిరిగిందో లేదో, మర్నాడు బడిపిల్లల్ని విహారయాత్రకి తీసుకెళుతున్నానని భార్య చెప్పింది. పొద్దున వెళితే రాత్రికిగానీ రాదు. ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? మేధావి దుకాణానికి వెళ్ళగానే మరదలికి ఫోను చేశాడు. ఆవిడ ఏడ్చినంత పని చేసింది.

"పొక్కులు రాలిపోతున్నాయి బావా. ఒక పక్క ఉంది, ఒక పక్క లేదు. అద్దంలో చూసుకుంటే నాకే భయమేస్తోంది. నెల ఆగుదాం."

"ఆగితే మీ అక్క బ్యాంకుకెళ్ళి తాళంచెవి పోయిందని చెప్పేస్తుంది. పెన్సిలే దిద్దుకుంటావో, మసే పూసుకుంటావో నాకనవసరం. మీ అక్క చీర పంపిస్తున్నా, కట్టుకో. రేపు మీ వీధి చివర కారు ఆపుతా."

మర్నాడు కారెక్కిన మనిషిని చూడగానే మేధావికి ప్రాణం లేచొచ్చింది. కనుబొమ్మలు ఫొటోలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఒక్క పొక్కు లేదు.

"చూశావా? నెలట, నెల! నేను చెప్పలా?"

"మీరు చెప్పాక తిరుగేముంది బావా."

దారి పొడుగునా అతని నోరు మూతపడలేదు. "మీ అక్కకి లెక్కలు చెప్పడం వచ్చుగానీ బతకడం రాదు. తాళంచెవి నా జేబులో ఉంటే సోఫా కింద వెతుక్కుంటోంది! అలాంటి మొద్దుతో ఇన్నేళ్ళు కాపురం చేసినందుకు నాకు సన్మానం చెయ్యాలి."

ఆమె మొహం ముడుచుకుని కిటికీ వైపు తిరిగింది.

"అబ్బ! అచ్చం అదే ఏడుపు మొహం! భలే పట్టేశావే" అని మెచ్చుకున్నాడు.

బ్యాంకు ఆఫీసరు రిజిస్టరులో ఫొటో చూశాడు, మొహం చూశాడు. "మీ ఆవిడేనా?" అని మేధావిని అడిగాడు. "ముమ్మాటికీ" అన్నాడు మేధావి. ఆమె చకచకా సంతకం పెట్టింది. ఎన్ని కాగితాలు ఖరాబు చేసి నేర్చుకుందో అని మేధావి ముచ్చటపడ్డాడు. తాళంచెవి తీసి తన చేత్తోనే ఆమె చేతిలో పెట్టాడు.

కాసేపటికి బరువైన సంచీతో బయటికొచ్చింది. "మొయ్యలేను బావా, కారు గుమ్మం దగ్గరికి తీసుకురండి" అంది. మేధావి పరుగెత్తాడు. కారు తెచ్చేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. హారన్ కొట్టగా కొట్టగా వాచ్‌మన్ వచ్చి, ఆవిడ పక్క వాకిట్లోంచి టాక్సీ ఎక్కి వెళ్ళిపోయిందని చెప్పాడు.

మేధావికి ఒళ్ళు మండిపోయింది. సొంత బావని నమ్మించి గొంతు కోస్తుందా? లోకంలో నీతీ నిజాయితీ బొత్తిగా లేకుండా పోయాయి! పోలీసుల దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పుకుంటాడు? ఎక్కడికి పారిపోయిందో ఆనవాలైనా దొరక్కపోతుందా అని మరదలి ఇంటికి వెళ్ళి తలుపు దబదబా బాదాడు.

తలుపు తెరుచుకుంది. ఎదురుగా మరదలే. మొహాన ఆయింటుమెంటు జిడ్డు, కనుబొమ్మల చోట అక్కడక్కడా అంటుకున్న పొక్కులు, మిగతాదంతా బోసి చర్మం.

"నగలేవే?" అని అరిచాడు.

"నన్నడుగుతారేం బావా? ఈ మొహంతో గడప దాటలేనని నిన్నే చెప్పాగా, అందుకే మీ వెంట అక్కని పంపించాను."