పక్క గొంతు

ప్రేమమణి వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తోంది. చాకు చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు.

గుమ్మంలో నిలబడ్డ ఆషర్‌కు అది మింగుడు పడడం లేదు. పక్కింటివాళ్లు చెవులు మూసుకునేలా రాక్ పాటలు కట్టే మనిషికి, అమ్మ కూనిరాగం వినపడకపోతే కాలూ చెయ్యీ ఆడదు.

రోసమ్మ పోయి నాలుగు నెలలైంది.

మెట్టుగూడ చర్చి క్వయర్‌లో ఆ ఇద్దరూ ముప్పై ఎనిమిదేళ్లు పక్కపక్కనే నిలబడ్డారు. రోసమ్మది పై గొంతు, అంటే అందరూ ఎరిగిన పాట. ప్రేమమణిది ఆల్టో, ఆ పాటను అంటిపెట్టుకుని కింద నడిచే గొంతు.

ఇప్పుడూ ఆదివారం చర్చికి వెళ్తుంది. పుస్తకం తెరుస్తుంది. నోరు మాత్రం తెరవదు.

ఆషర్ బతిమాలినప్పుడల్లా ఒకటే మాట.

"ఆల్టో ఒక్కటే ఎట్ల పాడతర్రా?"

ఇవాళ అతను పాట ఊసే ఎత్తలేదు. "బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోదాం పా అమ్మా, కూరగాయలు తాజాగుంటయి," అన్నాడు.

కారు మౌలాలి దాటింది.

"బోయిన్‌పల్లికి ఇట్ల పోతరా?"

"జెర ఓపిక పట్టమ్మా."

ఏ.ఎస్. రావు నగర్‌లో బట్టల షాపు పైన స్టూడియో. డ్రమ్ములు చూడగానే ప్రేమమణి మొహం ముడుచుకుంది. కొడుకు బ్యాండ్ ఆమె లెక్కలో డబ్బాల మోత. ఐనా ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, తల్లి కదా.

బ్యాండ్‌లో పాడే షెకీనా పక్కకు జరిగి, కుర్చీకి దగ్గరగా ఫ్యాను తిప్పింది.

ఆషర్ గిటార్ అందుకుని కొత్త పాట మొదలుపెట్టాడు. డ్రమ్ముల్లేవు, మాటల్లేవు. వట్టి వరుస.

రెండు పాదాలైనా వాయించాడో లేదో, ఆమె చెయ్యెత్తింది.

"ఆపు. ఇది నా ఆల్టో."

"అవునమ్మా."

"మరి పాట ఏదిరా?"

ఆషర్ తల గోక్కున్నాడు. "నా చిన్నప్పుడు నువ్వు వంటింట్ల పాడింది ఇదే కదా. ఇదే పాట అనుకున్న. చర్చిల అందరు తప్పు పాడుతున్నరనుకుంటుంటి."

"ఎన్నేండ్లు?"

"తొమ్మిదేండ్లు వచ్చేదాంక."

ప్రేమమణికి నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లొత్తుకుంది.

"పదకొండు పాటలు కట్టిన," అన్నాడు ఆషర్ మెల్లగా. "అన్నిట్ల ఏడనో ఒక కాడ నీ ఆల్టో ఉంటది. ఎవ్వరికి చెప్పలే. దీన్ని నువ్వే పాడాలె."

ఆమె మైకు వంక చూసింది.

"దీని మీద రోసమ్మ ఉండాలె. ఆమె లేకుంటే ఇది నిలబడదు."

ఆషర్ ప్రాణం ఉసూరుమంది. ఇంత నాటకమాడి తీసుకొస్తే మళ్లీ అదే మాట. గిటార్ దించబోయాడు.

"దించకు. వాయించు."

సంచి షెకీనా చేతికిచ్చి ప్రేమమణి లేచింది. మైకు దగ్గరికి వెళ్లి, గొంతు సవరించుకుని, తనెన్నడూ పాడని పై గొంతు ఎత్తుకుంది.

ముప్పై ఎనిమిదేళ్లు చెవి పక్కన విన్నది. ఒక్క మలుపు పొల్లుపోలేదు. గొంతు వణికింది, పైకెళ్లిన చోట జీరపోయింది. ఐనా ఆపలేదు.

చరణం అయ్యాక కొడుకు వైపు తిరిగింది.

"ఆల్టో గిటార్‌తోని గాదు, నోటితోని పాడు. ఇట్ల రా," అంది. "నా జాగాల నిలబడు."